పలకల కింది తొట్టి

నాచారంలో మా చర్చి వేదిక మీద నాలుగు చెక్క పలకలు ఉంటాయి. వాటి మీద ఒక చాప, చాప మీద బల్ల, బల్ల వెనక పాస్టరయ్య నిలబడి ప్రసంగం చేసే పుల్పిట్. చిన్నప్పుడు ఆ పలకల మీద ఉరికితే డబడబ చప్పుడొచ్చేది. "కింద ఏమున్నదవ్వా?" అని అడిగితే మా అవ్వ, "తొట్టి ఉన్నది బిడ్డా. నువ్వు పెద్దగైనంక దాంట్ల దిగుతవు" అనేది. పెద్దగైన. డిగ్రీ చదివిన, బి.ఎడ్. చేసిన, సర్కారు బడిలో సాంఘికశాస్త్రం చెప్పే పంతులునైన. మా ఇంట్ల డిగ్రీ మొహం చూసింది నేనే మొదలు. ముప్పై దాటినయి. ఆ తొట్టిలో మాత్రం ఇంకా దిగలేదు. ఎందుకు దిగలేదో చెప్పాలంటే ముందు ఆ తొట్టి ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలె.

మా నాయిన జనగామ అవతలి ఊరినుంచి 1980లలో నాచారం వచ్చిండు. అప్పుడు ఉప్పల్ నుంచి నాచారం, మల్లాపూర్ దాకా పారిశ్రామికవాడ షెడ్లు లేస్తున్నయి. ఊళ్ళలో జీతం, వెట్టి, తోలుపని విడిచిపెట్టి వచ్చిన మాదిగలు, మాలలు ఆ షెడ్ల చుట్టూ గుడిసెలు వేసుకున్నరు. ఊరినుంచి మూట కట్టుకొచ్చిన వాటిల్లో గిన్నెలు ఉన్నయి, గొంగడి ఉన్నది, నల్ల అట్ట బైబిలు ఉన్నది. మొదట ఒకరి ఇంటి ముందర ఆదివారం ప్రార్థన. తర్వాత నాలుగు గోడలు, మీద రేకులు. ఆ తర్వాత స్లాబు. ఇంటికి ఇన్ని బస్తాల సిమెంటు అని రాసుకున్నరు. మేస్త్రీ మా సంఘపోడే. షిఫ్టు దిగివచ్చిన మొగోళ్ళు రాత్రిపూట ఇసుక జల్లెడ పట్టిండ్రు. మా అవ్వ తట్టలు మోసింది. గోడకు పెట్టిన శిలాఫలకం మీద మాత్రం ప్రారంభోత్సవానికి వచ్చిన పెద్దల పేర్లున్నయి. తట్టలు మోసినోళ్ళ పేరు ఒక్కటీ లేదు.

దీన్ని కట్టడం అంటే నవ్వేవాళ్ళు ఉంటారు. శిల్పం లేదు, రంగు అద్దాలు లేవు. కానీ బడిలో పిల్లలకు గుడి నిర్మాణం గురించి ముఖమండపం, అంతరాలయం, గర్భగుడి అని పాఠం చెప్తుంటే నాకు మా చర్చి మతికొచ్చేది. ఆ వరుసలో ఒక్కో గడప దాటినకొద్దీ మనిషి తక్కువవుతాడు. ఊరందరూ ఒకచోట ఆగుతారు, కొందరు ఇంకో గడప దాటుతారు, చివరికి ఒక్కడే లోపలికి పోతాడు. మేము మొదటి గడప అవతలే, ధ్వజస్తంభం కనపడే దూరంలో ఆగేవాళ్ళం. బాప్టిస్టు చర్చిలో గర్భగుడి లేదు. ఒకటే గది. దేవుడుండే చోటు అని గీత గీసి చూపేది ఏదీ లేదు. బలిపీఠం లేదు, విగ్రహం లేదు. ముందర వాక్యం చెప్పే పుల్పిట్, దాని కింద రొట్టె విరిచే బల్ల, దాని కింద మనుషులు మునిగే తొట్టి. ఈ మూడూ ఉంటే బాప్టిస్టు గుడి అయినట్టే. మా తొట్టి పొడుగు ఏడడుగులు, లోతు నాలుగడుగులు. రెండు దిక్కుల మెట్లు. ఒక దిక్కు దిగి, మునిగి, రెండో దిక్కు ఎక్కుతరు. పక్కన రెండు చిన్న అర్రలు, ఒకటి ఆడోళ్ళు తడిబట్టలు మార్చుకోను, ఒకటి మొగోళ్ళకు.

వేరే మిషన్లలో చంటిపిల్లకు నెత్తిమీద నీళ్ళు చిలకరిస్తే బాప్తిస్మం అయిపోతుంది. బాప్టిస్టులు అట్ల ఒప్పుకోరు. మనిషికి తెలివొచ్చి, నలుగురి ముందర తన నోటితో తాను ఒప్పుకుంటేనే నీళ్ళల్లోకి దించుతరు. అందుకే వాళ్ళకు చిన్న గిన్నె చాలదు, నిండు మనిషి మునిగే నీళ్ళు కావాలె. ఈ ఒక్క సంగతే మా కట్టడాన్ని తయారుచేసింది. ఈ ఒక్క సంగతే నన్ను బయట నిలబెట్టింది కూడా.

మా నగరంలో యోహాను పేరు మీద పాత కట్టడం ఒకటి ఉంది. సికింద్రాబాద్‌లో 1813లో కట్టిన సెయింట్ జాన్స్ చర్చి. బాప్తిస్మమిచ్చే యోహాను పేరు పెట్టుకున్న ఆ చర్చి ఆంగ్లికన్లది, దండు చర్చి. నిజాంతో 1798లో చేసుకున్న ఒప్పందం తర్వాత ఇక్కడ దిగిన ఇంగ్లీషు పటాలాల కోసం కట్టింది. దానికీ మా బాప్టిస్టులకూ సంబంధం లేదు. మా వాళ్ళ కథ దండునుంచి కాదు, మాదిగవాడల నుంచి మొదలైంది. అది తెలుసుకోవాలంటే హైదరాబాదు విడిచి ఒంగోలు పోవాలె.

అమెరికన్ బాప్టిస్టులు తెలుగునాట 1836లో అడుగుపెట్టారు. శామ్యూల్ డే 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్ళు గడిచినా చేతివేళ్ళ మీద లెక్కపెట్టేటంత మంది తప్ప ఎవరూ చేరలేదు. ఈ మిషన్ మూసేద్దామా అని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చకు వచ్చింది. 1854 జనవరి 1న లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు పక్క కొండెక్కి ప్రార్థన చేశారు. ఆ ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్ళు. దాన్ని ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. ఈ కథను మిషన్ పుస్తకాలు ఎంతో భక్తిగా చెప్తాయి. నాకు మాత్రం అసలు కథ ఇంకోచోట మొదలైనట్టు కనిపిస్తుంది.

కనిగిరి వైపు తాళ్ళకొండపాడులో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ ఉండేవాడు. తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగేవాడు. మిషనరీ కళ్ళపడక ముందే యోగం నేర్చినవాడు, గురువుల దగ్గర కూర్చున్నవాడు, తనకు తాను దేవుణ్ణి వెతుక్కుంటున్నవాడు. 1866 మార్చిలో ఒంగోలులో జ్యూయెట్ ఆయనకు బాప్తిస్మమిచ్చాడు. అదే ఏడు సెప్టెంబరులో జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలు వచ్చాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం 8 మందితో ఏర్పడింది. అదే నెలలో క్లౌ తాళ్ళకొండపాడు పోతే పేరయ్య జనాన్ని సిద్ధంచేసి ఉంచాడు. అక్కడ 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. దొర వచ్చి మాదిగలను వెలుగులోకి తెచ్చాడంటారు. దొరకు దారి చూపింది తోళ్ళు మోసిన పేరయ్య కాళ్ళు కాదా?

క్లౌకు కూడా మొదట్లో పెద్దకులాల మీదే ఆశ. ఒంగోలులో ఆయన బడికి బ్రాహ్మల పిల్లలు, కోమట్ల పిల్లలు వచ్చేవాళ్ళు. మాదిగలను చేర్చుకుంటే మేం రాం అని వాళ్ళు తెగేసి చెప్పారు. ఏంచేయాలో తోచక క్లౌ ఒక గదిలో, ఆయన భార్య ఇంకో గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకటే చోటు దొరికిందని, లోకం నీచంగా చూసినవాళ్ళనే దేవుడు ఎన్నుకున్నాడన్న మాట అదని ఆయన తన జీవితకథలో చెప్పుకున్నాడు. పెద్దకులాల పిల్లలు పోయారు. మాదిగలు వచ్చారు. ఈ కథ చదివినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తది. మమ్మల్ని తీసుకోవాలా వద్దా అని రెండు గదుల్లో తలుపులేసుకొని ఆలోచించవలసి వచ్చింది. అయినా ఆలోచించారు. ఊళ్ళో మా కోసం ఆ మాత్రం ఆలోచించినవాడు ఎవడు?

చేరినవాళ్ళకు పెట్టిన షరతులు చూడండి. ఆదివారం పనిచేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. చదవడానికి ఇవి మతం షరతుల్లా ఉంటాయి. ఊళ్ళో అవి వెట్టికి ఎదురుతిరగడమే. ఆదివారం పనికి రాను అంటే దొరతనం చేసేవానికి రాను అన్నట్టు. జాతరలో డప్పు కొట్టను అంటే ఊరికి లొంగను అన్నట్టు. అందుకే కరణాలు, మునసబులు పగబట్టారు. బావులు మూశారు, పనులు ఆపారు, అంగట్లో సరుకు ఇవ్వకుండా చేశారు.

1876 నుంచి 78 దాకా దక్షిణాదిని కరువు ఊడ్చేసింది. క్లౌ అమెరికాలో సర్వేయరు పనిచేసినవాడు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కంట్రాక్టు తీసుకొని ఆకలితో ఉన్నవాళ్ళకు పని పెట్టాడు. బోధకులు మేస్త్రీలయ్యారు. పగలు తవ్వకం, పొద్దుగూకినంక వాక్యం. అంటే మా చరిత్రలో మా వాళ్ళు కట్టిన మొదటి పెద్ద కట్టడం చర్చి కాదు, కాలువ. అది నీళ్ళ కట్టడం. గింజల కోసం మతం మారారని మమ్మల్ని ఇప్పటికీ వెక్కిరిస్తారు. ఆ మాట అనేవాళ్ళు ఒకటి తెలుసుకోవాలె. ఆ కరువు కాలంలో దాదాపు 15 నెలలు క్లౌ ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. సహాయం డబ్బు అయిపోయిందని, ఇక ఇంటికి పొమ్మని చెప్పడానికి పిలిచినప్పుడు జనం కదలలేదు. మాకు గింజలు వద్దు, బాప్తిస్మం కావాలె అన్నారు. 1878 జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మొత్తం 3,536 మంది ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో మునిగి లేచారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకొని నీళ్ళల్లో నిలబడ్డారు. ఆ బోధకులందరూ తెలుగువాళ్ళే. దొర ఒడ్డునుంచి చూశాడు.

ఆ రోజు అక్కడ గోడ లేదు, కప్పు లేదు. నది ఉంది. నా లెక్కలో తెలుగు బాప్టిస్టుల మొదటి గుడి అదే. మా నాచారం పలకల కింది తొట్టి ఆ గుండ్లకమ్మ ముక్క.

నీళ్ళు మాకు ఎందుకంత పెద్ద సంగతో వేరేవాళ్ళకు చెప్తే అర్థంకాదు. ఊళ్ళో మోట బొక్కెన కుట్టేది మాదిగ. ఎడ్లు గుంజితే ఆ తోలు బొక్కెన బావిలో మునిగి నీళ్ళు తెస్తది. ఆ నీళ్ళు అందరూ తాగొచ్చు. మాదిగ కుట్టిన తోలు బావిలో దిగొచ్చు, మాదిగ చెయ్యి దిగొద్దు. మాదిగకు దప్పికైతే దోసిలి పట్టుకొని కూసోవాలె, పైనుంచి ఎవరో పొయ్యాలె. అట్లాంటి జాతి మనిషిని "దిగు, నిండా మునుగు" అన్నరు. మా నాయినమ్మ బాప్తిస్మం ముచ్చట చెప్పేది. ఊరి చెరువులో దిగుతమంటే నీళ్ళు మైలబడుతయని పెద్దలు అడ్డం పడ్డరట. రెండు కోసుల దూరం వాగుకు పోయిండ్రట. "పొద్దుగాల పోయినం. చలికి వణికినం. కానీ బిడ్డా, నడుము లోతు నీళ్ళల్ల నిలబడుడు నాకు అదే మొదలు" అనేది.

1927 మార్చి 20న మహద్ చవుదార్ చెరువులో అంబేడ్కర్ దోసిటితో నీళ్ళు తాగిండు. అది హక్కు కోసం. గుండ్లకమ్మలో దిగినవాళ్ళు హక్కు అనుకోలేదు, రక్షణ అనుకున్నరు. రెండూ ఒకటని నేను అనను. నది ఎవని సొత్తూ కాదు కాబట్టి దిగనిచ్చిండ్రు. చెరువు ఊరిది కాబట్టి దిగనియ్యలేదు. వాగుకు పోయి మునిగినవాళ్ళు ఊరి చెరువును అడగకుండానే వదిలిపెట్టిండ్రు. చర్చిలోపల తొట్టి కట్టుకోవడం కూడా అట్లాంటిదే. మా నీళ్ళు మాకున్నయి అనే ధైర్యం ఉన్నది అందులో, మీ నీళ్ళు మాకొద్దులే అనే వెనకడుగు కూడా ఉన్నది.

ఆ వెనకడుగు మమ్మల్ని కాపాడలేదు. 1985లో అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగలు తాగే చెరువు దగ్గర బర్రెలను కడిగి నీళ్ళు ఖరాబు చేస్తుంటే ఇదేందని అడిగినందుకు గొడవ మొదలైంది. కొట్టబోతే బిందె ఎత్తిన మనిషి మున్నంగి సువార్తమ్మ. మర్నాడు జూలై 17న ఆరుగురు మాదిగలను చంపిండ్రు. సువార్త అనే పేరు ఎక్కడిది? గుండ్లకమ్మనుంచి వచ్చిందే. నూరేళ్ళ కింద అదే జిల్లా నదిలో మునిగిన జాతి ఆడబిడ్డ, తాగే నీళ్ళ కోసం బిందె ఎత్తింది. అక్కడ సంఘం చూపించిన రక్షణ ఆగిపోయి హక్కు మొదలైంది. 1994 జూలై 7న మాదిగ దండోరా పుట్టిన ఈదుమూడి కూడా ఆ జిల్లాదే. ఇవన్నీ ఒకే నేలమీద ఎందుకు జరిగినయో విద్యార్థులు ఆలోచించాలె. ఆదివారం బడిలో అక్షరం నేర్చిన తాతల మనవలు వాళ్ళు.

ఇక మా దిక్కు. నిజాం రాజ్యంలో బాప్టిస్టుల పని 1875లో సికింద్రాబాద్‌లో డబ్ల్యు. డబ్ల్యు. క్యాంప్‌బెల్‌తో మొదలైంది. దండు ఉన్నచోట తెల్లవానికి నిలబడను నీడ దొరుకుతుంది కాబట్టి హైదరాబాదు కాక సికింద్రాబాద్ అయింది. అక్కడి సెంటినరీ బాప్టిస్టు చర్చి పేరులోనే ఆ నూరేళ్ళ లెక్క ఉన్నది. అక్కణ్ణుంచి 1879లో హనుమకొండ, 1885లో పాలమూరు, తర్వాత నల్లగొండ, జనగామ. నల్లగొండకు వచ్చిన ఏబ్రహాం ఫ్రీజన్ అమెరికావాడు కూడా కాదు, రష్యానుంచి వచ్చిన మెనొనైట్. మా తాత చేరింది జనగామ మిషన్‌లో.

మా ఊళ్ళో దొర అంటే గడీ దొర. మిషన్ బంగ్లాలో ఉండేవాణ్ణి కూడా దొర అనే పిలిచిండ్రు, ఆయన భార్యను దొరసానమ్మ అన్నరు. గడీ దొర ముందర చెప్పులు విడిచి వంగేవాళ్ళు, బంగ్లా దొర ముందర కూడా వంగిండ్రు. మిషన్ కాంపౌండు కట్టిన తీరు చూస్తే తెలుస్తది. నడుమ ఎత్తు అరుగు మీద చుట్టూ వరండా ఉన్న బంగ్లా. దూరంగా బోధకుల ఇండ్లు. ఇంకా దూరంగా వంటోని గుడిసె. గర్భగుడిని తీసేసినవాళ్ళు కాంపౌండులో మళ్ళీ గడపలు పెట్టిండ్రు. దొరలు పోయినంక మనోళ్ళు ఏంచేసిండ్రు? ఆ జాగల కోసం కోర్టులకెక్కిండ్రు. మాల పాస్టరా, మాదిగ పాస్టరా అని సంఘాలు చీల్చుకున్నరు. తట్టలు మోసిన ఆడోళ్ళను పుల్పిట్ ఎక్కనియ్యలేదు. ఇవి దాచిపెట్టి చరిత్ర రాస్తే అది కూడా శిలాఫలకం లాంటిదే అవుతది.

మెదక్ చర్చిని చూడను మా బడి పిల్లలను తీసుకపోయిన. వెస్లియన్ మిషన్ చార్లెస్ పోస్నెట్ పదేండ్లు కట్టించి 1924 డిసెంబరు 25న తెరిచిన చర్చి. గోపురం 175 అడుగులని చెప్తరు. కరువులో కూలిచ్చి కట్టించిండని గైడు చెప్తుంటే ఒక పిల్ల, "సార్, కట్టినోళ్ళ పేర్లు ఎక్కడున్నయి?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఒంగోలులో జ్యూయెట్ పేర చర్చి ఉన్నది, క్లౌ పేర ఆస్పత్రి కట్టిండ్రు. పేరయ్య పేరు పుస్తకాల్లో మిగిలింది.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి నా సంగతి చెప్తా. మా సంఘం పండుగకు పుస్తకం వేద్దాం, నువ్వు పంతులువు కదా రాయమని పెద్దలు సభ్యుల రిజిస్టరు నా చేతిలో పెట్టిండ్రు. చెమ్మకు అంచులు తిన్న పుస్తకం. అందులో ఊరు వదిలి వచ్చినవాళ్ళు ఏ ఏడు, ఏ సంఘం నుంచి ఉత్తరం తెచ్చుకున్నరో ఉన్నది. మా నాయినమ్మ పేరున్నది. మా నాయిన పేరున్నది. మా అవ్వ పేరున్నది, పక్కన వేలిముద్ర. నా పేరు లేదు. లేదని నాకు తెలుసు. అయినా చేతిరాతలో ఆ ఖాళీ చూసినప్పుడు గొంతు పట్టుకుంది.

1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులం వాడు కాడు. 1956లో సిక్కులను కలిపిండ్రు, 1990లో బౌద్ధులను కలిపిండ్రు. క్రైస్తవులు, ముస్లింలు బయటే. మాదిగ చర్చికి పోతే బి.సి. సి గ్రూపు, ఒక్క శాతం. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ పేరా తీసేయమన్నది. తీయలేదు. 2022లో ఇంకో కమిషన్ వేసిండ్రు. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు కులం సర్టిఫికెట్ కోసం ఒక ఆఫీసుకు పోతే అక్కడి మనిషి మా నాయిన మొహం చూసి, "ఇంట్ల ఏ దేవుని పటం ఉన్నదయ్యా?" అని అడిగిండు. మా నాయిన తల వంచుకొని, "అన్నీ ఉన్నయి సారూ" అన్నడు. మా ఇంట్ల పటమే లేదు. బాప్టిస్టులం కదా. ఆ రాత్రి మా నాయిన నాతో అన్నడు: "నీళ్ళల్ల నేను దిగిన, మీ అవ్వ దిగింది. నువ్వు దిగకు. నౌకరి వచ్చినంక చూద్దాం." నౌకరి వచ్చింది. ఇప్పుడు పోతుందనే భయం.

ఊళ్ళో మమ్మల్ని వెలివేసినప్పుడు ఎవడూ మీ దేవుడెవరని అడగలేదు. కారంచేడులో గొడ్డలి ఎత్తినవాడు రిజిస్టరు చూడలేదు. సువార్తమ్మా, సుబ్బమ్మా అని ఆగలేదు. కులానికి మతం అడ్డం కాలేదు, సర్టిఫికెట్‌కు మాత్రం అయింది. బాప్టిస్టు మతమంటేనే నలుగురి ముందర నోరు తెరిచి ఒప్పుకోవడం. నా రాజ్యాంగం నన్ను నోరు మూసుకోమంటుంది. అందుకే ప్రతి నెల మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పళ్ళెం నా ముందునుంచి పక్కవానికి పోతది. ఎనిమిదో తరగతి చదివే మా సంఘం పోరడు ఒకడు తీసుకుంటడు, వానికి చదువు చెప్పిన పంతులు తీసుకోడు.

పుస్తకం రాసి ఇచ్చిన. శిలాఫలకంలో లేని పేర్లన్నీ రాసిన. ఇసుక జల్లెడ పట్టినోళ్ళవి, తట్టలు మోసినోళ్ళవి, స్లాబు రోజు అందరికీ జొన్నగట్క వండిన ముసలమ్మది. మా అవ్వ పేరు అచ్చులో చూపిస్తే వేలు పెట్టి తడిమింది. "నీ పేరేది బిడ్డా?" అన్నది. "రాసినోన్ని నేనే కదవ్వా" అన్న.

"రాసుడు వేరు" అన్నది మా అవ్వ.

పోయిన ఈస్టరు ముందర తొట్టి కడగను పలకలు ఎత్తినం. ఎన్నేళ్ళనుంచో చూడని లోపలి భాగం. నునుపు చేసిన సిమెంటు, ఒక మూలకు పగులు. మేస్త్రీ లేడిప్పుడు, ఆయన కొడుకు దిగి పగులు పూడ్చిండు. నేను మెట్ల మీద కూసొని చీపురుతో గోడలు రుద్దిన. తర్వాత నల్లా విప్పినం. నీళ్ళు నిండుతుంటే చూసుకుంట చాలాసేపు అక్కడే నిలబడ్డ. మోకాళ్ళ దాకా తడిసింది. ఆ రోజు తొమ్మిదిమంది దిగిండ్రు. ఒడ్డున తువ్వాలలు అందించింది నేను.